మంచు దిగకముందే సైకిల్ అద్దం సరిచూసుకోండి

కార్తీకం దాటిందంటే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు సైకిల్ తొక్కేవాళ్లకు గడ్డుకాలం మొదలైనట్టే. తెల్లవారుజామున పొగమంచు. చెవులు మూసేలా మంకీ క్యాప్, దాని మీద మఫ్లర్. వెనక బండి హారన్ కొట్టినా సగమే వినిపిస్తుంది. పైగా కోతలు అయ్యాక రోడ్డుకు ఓ పక్కంతా ధాన్యం ఆరబోస్తారు. పాలు వేయడానికి వెళ్లేవాళ్లు, పైడిభీమవరం కంపెనీల్లో ఉదయం షిఫ్టు ఎక్కేవాళ్లు, ట్యూషన్‌కి వెళ్లే పిల్లలు ఆ ధాన్యాన్ని తప్పించుకుంటూ రోడ్డు మధ్యకు రాక తప్పదు. అప్పుడు వెనక ఏం వస్తోందో తెలిసి తీరాలి. చాలా సైకిళ్లకు అద్దం ఉంటోంది గానీ, అందులో కనిపించేది మన మోచెయ్యో, ఆకాశమో.

మనం ఎడమ పక్కన వెళ్తాం, మనల్ని దాటే బండి కుడి పక్క నుంచి వస్తుంది. ఒక్క అద్దమే కొనేటట్టయితే కుడి హ్యాండిల్‌కే బిగించండి. రాడ్ బ్రేకులున్న పాత సైకిలైతే క్లాంపు ఆ రాడ్డుకు తగలకూడదు. బిగించాక బ్రేకు గట్టిగా నొక్కి, హ్యాండిల్ రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి చూడండి. క్లాంపు కింద పాత ట్యూబు ముక్క చుడితే జారదు, అదురు కూడా తగ్గుతుంది. కాడ పొడవయ్యేకొద్దీ అద్దం ఎక్కువ వణుకుతుంది కాబట్టి పొట్టిదే మేలు. పాల క్యాన్లు, బస్తాలు కట్టేవాళ్ల సంగతి వేరు. అద్దం ఆ సరుకు కంటే బయటకు ఉండాలి, లేకపోతే క్యాన్ తప్ప ఇంకేమీ కనిపించదు.

అద్దం సర్దేటప్పుడు సైకిల్ పక్కన నిలబడి సర్దకండి. ఎవరినైనా సైకిల్ పట్టుకోమని, సీటెక్కి, రోజూ తొక్కేటప్పుడు ఎలా వంగుతారో అలాగే వంగి కూర్చోండి. క్యారియర్ మీద రోజూ ఏం కడతారో అదీ కట్టే ఉండాలి. అద్దం లోపలి అంచున మన భుజమో, మోచెయ్యో సన్నని గీతలా కనిపిస్తే చాలు. మిగతాదంతా రోడ్డుకే వదలాలి. దూరంగా రోడ్డు ఆకాశాన్ని కలిసే చోటు అద్దానికి ఇంచుమించు మధ్యలో ఉండాలి. ఇప్పుడు ఇంకొకరిని ఇరవై ముప్ఫై అడుగుల వెనక నిలబెట్టి, మీకు కుడి పక్కగా మెల్లగా నడుస్తూ మీ వరకూ రమ్మనండి. వాళ్లు అద్దంలోంచి ఎక్కడ మాయమయ్యారో గుర్తుపెట్టుకోండి. అక్కడి నుంచి మీ భుజం దాకా అద్దానికి అందని చోటు. అందులో మోటార్ సైకిల్ ఉన్నా మీకు తెలీదు.

ఇంకో సంగతి. సైకిల్ అద్దాలు చాలావరకు ఉబ్బుగా ఉంటాయి. వెడల్పుగా చూపిస్తాయి గానీ, దగ్గరున్న లారీని కూడా చిన్నదిగా, దూరంగా ఉన్నట్టు చూపిస్తాయి. మనం గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, 60 మీద వచ్చే లారీ వంద మీటర్ల వెనక నుంచి మనల్ని అందుకోవడానికి తొమ్మిది సెకన్లు కూడా పట్టదు. మంచులో 50 మీటర్ల వరకే కనిపిస్తే చేతిలో ఉన్నది నాలుగు సెకన్లు. అందుకే అద్దంలో “దూరంగానే ఉందిలే” అనిపించిన బండిని దగ్గరున్నట్టే లెక్కేసుకోండి.

ధాన్యం ఆరబోసిన చోటు ఎదురుగా కనిపించగానే, దాని దాకా వెళ్లి హఠాత్తుగా పక్కకు తిప్పొద్దు. ముందే అద్దంలో ఓసారి చూడండి. ఖాళీగా ఉంటే కుడి భుజం మీదుగా తల తిప్పి ఒక్క క్షణం చూడండి, చెయ్యి చాపండి, అప్పుడు మెల్లగా మధ్యకు రండి. హ్యాండిల్ తిరిగితే దాంతోపాటు అద్దమూ తిరుగుతుంది, కాబట్టి తిప్పడం మొదలయ్యాక అందులో చూసి లాభం లేదు. వెనక బండి ఉంటే ధాన్యానికి ఇవతలే ఆగిపోండి. పిల్లలకు ఈ ఆగడం మరీ మరీ చెప్పాలి, ఎందుకంటే స్కూలుకు లేటవుతుందనే టెన్షన్‌లో వాళ్లు ఆగరు.

రాజాం, సంకిలి వైపు చెరుకు ట్రాక్టర్లు తిరిగే రోజుల్లో అద్దాన్ని పూర్తిగా నమ్మకండి. అందులో ట్రాక్టర్ లైట్లు కనిపిస్తాయి గానీ, వెనక ట్రాలీలోంచి పక్కలకు పొడుచుకొచ్చిన చెరుకు గడలు కనిపించవు. ఇంజన్ దాటిపోయిందని వెంటనే కుడికి జరగొద్దు, ట్రాలీ మొత్తం వెళ్లిపోనివ్వండి. చీకట్లో ఒకే లైటు కనిపిస్తే అది మోటార్ సైకిలే అనుకోవద్దు. ఒక లైటు పోయిన లారీ కూడా కావచ్చు. జాతీయ రహదారి మీద ఇది ఇంకా ప్రమాదం.

రాత్రి సైకిల్ బయట పెడితే అద్దానికి ప్లాస్టిక్ కవరు తొడగండి, మంచు పట్టదు. దారిలో మసకబారితే తుడవడానికి పొడిగుడ్డ ఒకటి హ్యాండిల్‌కి కట్టుకోండి. ముందురోజు తడి లేని సబ్బుబిళ్ల రాసి మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచేసినా ఆవిరి పట్టడం కొంత తగ్గుతుంది. అద్దం మనకు వెనకున్నవాళ్లను చూపిస్తుంది గానీ, వాళ్లకు మనల్ని చూపించదు. కాబట్టి వెనక మడ్‌గార్డ్ మీద ఎర్ర రిఫ్లెక్టర్ ఉందో లేదో చూసి, బురద తుడిచెయ్యండి. గతుకుల రోడ్డుకు అద్దం నట్టు వదులవుతూనే ఉంటుంది. వారానికోసారి, టైర్లలో గాలి కొట్టేటప్పుడే, దాన్నీ ఓసారి బిగించి, సీటెక్కి అద్దం మళ్లీ సర్దుకోండి.