మాటతో పొడుపు, కర్రతో పోటు

అమ్మ వీడియో కాల్ చేసేసరికి నేను పార్కులో ఉన్నాను. తలకు ఇనప టోపీ, చేతిలో పేముకర్ర, ముఖమంతా చెమట. "ఏందే బిడ్డా, అమెరికా పోయి కర్రసాము నేర్సుకుంటున్నవా? గీ వయసుల?" అంది. అప్పటికి నాకు 42. పుట్టింది, పెరిగింది హన్మకొండలో. డల్లాస్ దగ్గర ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. వారానికో సాయంత్రం మాత్రం 13వ శతాబ్దంలో ఉంటాను.

ఈ మధ్య మన తెలుగువాళ్లు ఇద్దరు ముగ్గురు "అక్కా, మేమూ వస్తాం, ఎట్లా మొదలుపెట్టాలె" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నా.

పాతకాలం వేషాలేసుకుని ఆ కాలపు పనులు, కొట్లాటలు నేర్చుకునే ఈ సంఘం పేరు సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రొనిజం. అందరూ ఎస్.సి.ఎ. అంటారు. 1966 మే 1న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, ఒక ఇంటి పెరట్లో కొందరు పాతకాలం బట్టలేసుకుని కత్తిసాము పోటీ పెట్టుకున్నారు. అదే మొదలు. ఇప్పుడు ప్రపంచాన్ని 20 రాజ్యాలుగా పంచుకున్నారు. టెక్సస్‌లో చాలా భాగం, ఓక్లహోమా కలిపి ఆన్‌స్టియోరా రాజ్యం, అందులో డల్లాస్ స్టెప్స్ అనే బారనీ, అంటే స్థానిక గుంపు. 1600కు ముందుదైతే ఏదైనా సరే: వంట, నేత, విలువిద్య, లిపి, పాట, కొట్లాట. యూరప్‌ది ఎక్కువ కనిపిస్తుంది గానీ, యూరప్‌దే కావాలని ఎవరూ పట్టుబట్టరు. రాజును ఓట్లేసి ఎన్నుకోరు. పోటీలో గెలిచినవాళ్లే గద్దె ఎక్కుతారు. మా దగ్గర ఆర్నెల్లకు దిగిపోతారు. దిగినాక సోమవారం పొద్దున వాళ్లూ మనలాగే ఆఫీసుకు పోవాల్సిందే.

మొదటిరోజు ఏమీ కొనకుండా వెళ్లండి. ఈ ఒక్కటి వింటే మిగతాది వినకపోయినా ఫరవాలేదు. సొసైటీ వెబ్‌సైటులో మీ ఊరు ఏ గుంపు కిందికి వస్తుందో చూసుకోండి. ఆ గుంపు ఫైటర్ ప్రాక్టీసు ఏ వారం, ఏ పార్కులో ఉందో కనుక్కుని మామూలు బట్టల్లోనే పోయి కూర్చోండి. కొత్తవాళ్లను చూసుకునేందుకు ఒక మనిషి ఉంటారు. షాటెలైన్ అనో హాస్పిటలర్ అనో అంటారు. "కొత్తగా వచ్చా" అంటే చాలు, పక్కన కూర్చుని అన్నీ చెప్తారు.

నేనేం చేశానంటే, రెండు వీడియోలు చూసి, ఇంట్లో ఆయనకు చెప్పకుండా, ఆన్‌లైన్లో 200 డాలర్లకు ఒక హెల్మెట్ కొన్నాను. నిగనిగలాడుతూ వచ్చింది. కవచాలూ, కొట్లాట భద్రతా చూసే మార్షల్ అంగుళం మందమున్న చిన్న కర్రముక్క తీసి ముఖం ముందున్న కమ్ముల మధ్య పెడితే సులువుగా లోపలికి దూరింది. అది దూరకూడదు. రేకు కనీసం 16 గేజ్ ఉక్కు ఉండాలి, లోపల అర అంగుళం మెత్త ఉండాలి. నాది మూడింట్లోనూ తప్పింది. ఇప్పుడది మా గ్యారేజీలో బంతిపూల కుండీ. చాలా గుంపుల దగ్గర అరువుకిచ్చే కవచాలు ఉంటాయి. వాటిల్లో ఎవరెవరి చెమట వాసనో వస్తుంది, నిజమే. ఆర్నెల్లు ఓర్చుకోండి.

బట్టల దగ్గరికొస్తే, ఈవెంట్ రోజున 1600కు ముందువి వేసుకునే ప్రయత్నం చేయాలి. ప్రయత్నం చాలు, పరీక్షలేమీ పెట్టరు. ఏమీ లేకపోతే గోల్డ్ కీ అని అరువు బట్టల పెట్టె ఉంటుంది. మనకు ఇందులో ఒక సుఖం ఉంది: కుట్టని బట్ట. నూలు పంచె, నేత చీర ఉంటే సగం పని అయిపోయినట్టే. మెరిసే పాలిస్టర్ జరీ మాత్రం వద్దు. మగవాళ్లు లేపాక్షి గుడి పైకప్పు బొమ్మలు చూసి పొడుగు కుళ్లాయి, అంగీ కుట్టించుకోవచ్చు. అవి 16వ శతాబ్దం బొమ్మలు, కాలానికి సరిపోతాయి. కన్నడ రాజు కొలువుకు పోవడానికి కుళ్లాయి పెట్టి, కోక చుట్టి, కూర్పాసం అనే అంగీ తొడగాల్సి వచ్చిందని శ్రీనాథుడు మొత్తుకున్నట్టు ఒక చాటుపద్యం ఉంది కదా, అదే వేషం. ఆడవాళ్లం రామప్ప గుడి మదనికలను చూసి నగలూ, జడా నేర్చుకోవచ్చు. బట్టలు నేర్చుకోవడానికి మాత్రం అక్కడ పెద్దగా ఏమీ లేవు.

వేసుకోకూడనివి కొన్ని ఉన్నాయి. తెల్ల బెల్టు నైటుది, అంటే కొట్లాటలో ఆరితేరి ఆ బిరుదు పొందినవాళ్లది. కిరీటం సంపాదించినవాళ్లది. ఏ బిళ్లా లేని ఉత్త బంగారు గొలుసు కూడా నైటుదే. నా మెడలో పుస్తెలతాడు చూసి ఒక పెద్దమనిషి పక్కకు పిలిచి, ఎంతో మర్యాదగా "అమ్మా, మీరు నైటా?" అని అడిగాడు. పుస్తెలు బయటికి తీసి చూపించి, దాని కథంతా చెప్పాను. "అయితే ఇది కూడా మాట ఇచ్చినందుకు వేసుకున్న గొలుసే" అన్నాడు. మా ఆయనకు ఈ ముక్క చెప్తే రెండ్రోజులు నైటులా నడిచాడు.

పేరు పెట్టుకోవడంలో మనవాళ్లందరూ ఒకే తప్పు చేస్తారు. నేనూ చేశాను: రుద్రమదేవి అవుతానన్నాను. కుదరదు. చరిత్రలో పేరున్న మనిషిని నేనే అనుకోవడానికి లేదు. ఆ కాలంలో బతికి ఉండగల మామూలు మనిషిని ఊహించుకోవాలి. పేరు నమోదు చేయించాలంటే అది ఆ రోజుల్లో వాడుకలో ఉన్నట్టు రుజువు చూపాలి. మనకు శాసనాలకు కొదవేముంది! గణపతిదేవుని చెల్లెలు మైలాంబ బయ్యారం చెరువు శాసనం వేయించింది. అక్కణ్ణుంచి మైలమ అనే పేరు తీసుకున్నాను. ఊరు మోటుపల్లి. సముద్ర వ్యాపారులకు గణపతిదేవుడు అభయశాసనం ఇచ్చిన రేవు అది. సాలెగూడంత పలుచని బట్టలు నేస్తారని మార్కో పోలో మెచ్చుకున్న సీమ కూడా అదే. కాబట్టి నేను మోటుపల్లి మైలమ, బట్టల వ్యాపారి బిడ్డను. ఇంత ఆలోచించి పెట్టుకుంటే అందరూ నన్ను "మైలా" అనేస్తారు, అది వేరే సంగతి.

ఇక కొట్లాట. ఇది నాటకం కాదు. ఎవరు ఎప్పుడు పడాలో ముందు అనుకోవడం ఉండదు. కత్తి అంటే ఒకటింపావు అంగుళం మందం పేముకర్ర, దాని మీద డక్ట్ టేపు. పేము ఎందుకంటే అది చీలిపోయి గుచ్చుకోదు, ఈనెలు ఈనెలుగా నలుగుతుంది. తల, మెడ, మూత్రపిండాలు, మోచేతులు, మోకాళ్లు, చేతులు కప్పుకోవాలి. ఆడవాళ్లైనా మగవాళ్లైనా కప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది, ఎక్కడో మీకు తెలుసు. మణికట్టు కింద, మోకాలి దగ్గర, దాని కింద కొట్టకూడదు. చెయ్యి తెగితే ఆ చెయ్యి వాడకూడదు. కాలు తెగితే మోకాళ్ల మీద కూర్చుని కొట్లాడాలి. తలకో ఒంటికో గట్టి దెబ్బ తగిలితే చచ్చినట్టు. మార్షల్ "లే ఆన్" అంటే మొదలు. ఎవరు "హోల్డ్" అని అరిచినా ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. మార్షళ్లు చూసి సరే అనేదాకా పోటీల్లో దిగనివ్వరు.

తగిలిందా లేదా అని చెప్పేది ఎవరు? అంపైరు కాదు. దెబ్బ తిన్నవాడే. నేను రెండో ఏడు ఆరడుగుల పైచిలుకు మనిషితో ఆడుతున్నాను. ఆయన డాలు నా తల అంత ఎత్తులో ఉంది. ఎట్లా పోయిందో తెలియదు, నా కర్ర ఆ డాలు అంచు దాటి ఆయన టోపీ పక్కన టంగున మోగింది. నాకే నమ్మకం కుదరలేదు, చూసేవాళ్లకు కనిపించనే లేదు. ఆయన మాత్రం ఆగి, "గుడ్" అని, ఆ బరువంతటితో గడ్డిలో దబ్బున పడిపోయాడు. నేనింకా కర్ర ఎత్తుకునే నిలబడి ఉన్నాను. తగిలినా తగల్లేదనేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లను ఎవరూ తిట్టరు, వాళ్లతో ఆడటానికి లేవడమే తగ్గిస్తారు.

మొదటి నెల రోజులు మనుషులతో కాదు, పెల్ అనే గుంజతో కొట్లాడండి. ఇంటి వెనక ఒక గుంజ పాతి, పాత టైరు తొడిగి, రోజుకు వంద దెబ్బలు. భుజంతో కాదు, నడుముతో కొట్టడం అప్పుడే వస్తుంది. పచ్చళ్లు దంచిన చేతులకు తొందరగా వస్తుందని నా అనుమానం. టెక్సస్ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. అక్కడివాళ్లు ఊరగాయ సీసాలో ఉప్పునీళ్లు తాగుతారు. నేను అల్లం, ఉప్పు, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ ఒక కుండెడు పెట్టాను. ఇప్పుడు నన్ను చూడగానే ముందు కుండ ఏదని అడుగుతున్నారు.

తిండి గురించి రెండు ముక్కలు. ఎవరి కంచం, గ్లాసు, గిన్నె వాళ్లే తెచ్చుకోవాలి. అమ్మమ్మ ఇచ్చిన కంచు గ్లాసుకు చివరికి ఒక పని దొరికింది. వండి తీసుకెళ్తే మిరపకాయ, టమాటా, ఆలుగడ్డ, పల్లీలు, జీడిపప్పు ఏవీ వేయకుండా ఉంటేనే బాగుంటుంది. అవన్నీ అమెరికా ఖండాలవి, కాకతీయులు వాటి మొహం చూడలేదు. కారం లేకుండా ఏం తెలుగు వంట అంటారా? పులిహోరలో మిరియాలు దంచి వేసి, నువ్వుల నూనెలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి, దించే ముందు వేయించిన నువ్వుల పొడి చల్లండి. గిన్నె ముందు ఏమేం వేశారో చీటీ పెట్టండి. నువ్వులు పడనివాళ్లు ఇక్కడ చాలామంది.

కవచం, పేరు, పులిహోర ఇవన్నీ రెండో వరస. మొదటి రాత్రే మీరు చేయగలిగింది, డబ్బూ దెబ్బా లేనిది, పొడుపు కథ. చీకటి పడ్డాక మంట చుట్టూ కూర్చుంటారు, బార్డిక్ సర్కిల్ అంటారు. మీ వంతు వస్తే ఏదైనా చెప్పొచ్చు, ఎవరినైనా పాడమని అడగొచ్చు, వద్దని పక్కవాళ్లకు వదిలేయొచ్చు. పొడుపు కథలకు అక్కడ పెద్దపీట. ఇంగ్లండులో ఎక్సెటర్ పుస్తకమని 10వ శతాబ్దపు రాతప్రతి ఒకటుంది. అందులో తొంభైకి పైగా పొడుపు కథలున్నాయి, ఒక్కదానికీ విడుపు రాయలేదు. ఒకదాంట్లో పురుగు మాటల్ని తినేస్తుంది, తిన్నా తెలివి మాత్రం రాదు. తాటాకులకు చెదలు పట్టించుకున్న జాతికి ఇది చెప్పాలా! కొన్ని పైకి పచ్చి బూతు, విప్పితే ఉల్లిపాయ. మా నాయనమ్మ దగ్గర కూడా అలాంటివి ఉండేవి, పిల్లలు పడుకున్నాక చెప్పేది.

మన పొడుపు కథ ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ప్రాస మీద ఆశ వదులుకోండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు." ఇందులో కిటకిటను తెలుగులోనే ఒకసారి రాగం తీసి వినిపించి, ఆ తర్వాత "ఎన్నిసార్లు మూసినా చప్పుడు కాని తలుపులు" అని మాత్రమే ఇంగ్లీషులో చెప్పండి. కంటిరెప్పలని ఎవరో ఒకరు విప్పుతారు. కానీ వస్తువే తెలియని కథ ఎంచుకుంటే ఇబ్బంది. నేను మొదటిసారి "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది" వేశాను. పడవ అన్నారు, డప్పు అన్నారు, రాట్నం అన్నారు. కవ్వం అని చెప్తే అందరి మొహాలూ తెల్లబోయాయి. వాళ్లకు తెలిసిన చిలికే కర్ర పైకీ కిందికీ దంచేది, తాడు కట్టి అటూ ఇటూ తిప్పేది కాదు. ఇక లేచి, పక్కావిడ నడికట్టు తాడు అడిగి, నా పేముకర్రకు చుట్టి, చల్ల చిలికి చూపించాను. అది తైతక్కలాడుతుంటే అప్పుడు నవ్వారు.

ఇంకొక మాట: ఈ కథలు 1600కు ముందువని మనం రుజువు చేయలేం. నోటి మాటగా వచ్చినవి. అలాగని చెప్పేయండి, ఎవరూ తప్పు పట్టరు. పాతదే కావాలంటే పాల్కురికి సోమన తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు అంటూ ఆనాటి పాటల పేర్లు వరస పెట్టాడు. అక్కణ్ణుంచి వెతుక్కోవచ్చు.

పొడవడమంటే అక్షరాలా పొడవడమే కాబట్టి, కర్ర దగ్గరి మర్యాదే ఇక్కడా. విడుపు నోట్లోంచి ఊడిపడకుండా పట్టుకోండి. ముగ్గురు నలుగురు ప్రయత్నించనివ్వండి, "ఓడిపోయాం" అని వాళ్లంతట వాళ్లు అనేదాకా ఆగండి. మీకు తగిలితే మీరూ అనండి. పోయిన మార్చిలో ఒకాయన ఎక్సెటర్ పుస్తకంలోది వేశాడు, ఒక్కటే వాక్యం: అలల మీద వింత, నీళ్లు ఎముకగా మారాయి. నేను ఉప్పన్నాను. మంచు గడ్డ అన్నాడు. ఒప్పుకున్నాను. ఒప్పుకుని, నా వంతుకు "నీళ్లలో పుడుతుంది, నీళ్లలో పడితే చస్తుంది" అన్నాను. మంచు అన్నాడు, చేప అన్నాడు, నురగ అన్నాడు. నేను తలూపుతూనే ఉన్నాను. అప్పుడు పక్కనున్న ఆయన భార్య గట్టిగా నవ్వి, "ఇందాక ఆవిడ నీకు చెప్పిందే కదయ్యా" అంది.