కూలర్ కడిగే ముందు

వానలు పడగానే కూలర్ బాల్కనీ మూలకు చేరుతుంది. అడుగున మిగిలిన నాలుగు చెంబుల నీళ్లు ఎవరికీ గుర్తుండవు. ఈ ఆదివారం దాని పని పట్టబోతున్నారా?

• ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.

• నిండు చేతుల చొక్కా, సాక్సులు వేసుకోండి. డెంగీ మోసుకొచ్చే ఏడిస్ దోమ కుట్టేది పగలే.

• ముందు టార్చ్ కొట్టి చూడండి. మెలికలు తిరుగుతూ, నీడ పడగానే అడుగుకు జారే సన్నటి పురుగులు దోమ పిల్లలే. ఆ నీళ్లు మోరీలో పోయకండి, ఎండిన నేల మీద పారబోయండి.

• గట్టి బ్రష్ దగ్గర పెట్టుకోండి. అసలు పని కూలర్ తొట్టి లోపలి గోడలు తోమడమే. ఏడిస్ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని, నెలల తరబడి ఎండినా చావవు. మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి, వారం పది రోజుల్లో దోమలవుతాయి. పోయినేడు మా ఇంట్లో నీళ్లు పారబోసి, గోడ తోమకుండా వదిలేశాం. కూలర్ చుట్టూ మళ్లీ అదే గుయ్యిమనే గోల.

• పనిలో పనిగా నల్లా నీళ్లు పట్టే డ్రమ్ములూ తోమండి. సంపులోకి మాత్రం ఒంటరిగా దిగొద్దు.



• ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే జ్వరముంటే డాక్టరుకు చూపించండి. డెంగీ అనుమానముంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.