ఫస్ట్ ఫుల్ మారథాన్ 4:30లో కొట్టాలంటే మొదటి పది కిలోమీటర్లు స్పీడ్ తగ్గించి పరిగెత్తండి

నా ఫస్ట్ ఫుల్, అంటే 42 కిలోమీటర్ల మారథాన్, హైదరాబాద్‌లో, ఆగస్టులో. టార్గెట్ నాలుగున్నర గంటలు, వచ్చింది 5:08. రెండోది ముంబైలో, జనవరిలో, అదే టార్గెట్, 4:28. ఈ రెండిటి మధ్య నేనేమీ కొత్తగా స్పీడ్ పెంచుకోలేదు, బరువు కూడా ఒక కేజీనే తగ్గా, రేసూ ప్రాక్టీసూ కొంత మారాయి, కానీ అన్నిటికన్నా పెద్ద తేడా మొదటి పది కిలోమీటర్లు ఎలా పరిగెత్తాననేదే. అందుకే టైమ్ టార్గెట్ పెట్టుకుని ఫస్ట్ ఫుల్‌కి రెడీ అవుతున్నవాళ్ల కోసం నాకు తెలిసింది రాస్తున్నా. కోచ్‌ని కాదు, ఆఫీసు చేసుకుంటూ తెల్లారుజామున గల్లీ కుక్కలతో గొడవపడుతూ ప్రాక్టీస్ చేసేవాణ్ణి, దాన్ని బట్టే చదువుకోండి.

ముందు టార్గెట్ సంగతి. చాలామంది 4 గంటలు అనో 4:30 అనో రౌండ్‌గా బాగుందని పెట్టేసుకుంటారు, అలా కాదు, మీ హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) టైమ్ నుంచి రావాలి అది. గత మూడు నాలుగు నెలల్లో సీరియస్‌గా పరిగెత్తిన హాఫ్ టైమ్ తీసుకుని రెండుతో గుణించి ఇరవై నిమిషాలు కలపండి. నా హాఫ్ 2:04, రెండింతలు 4:08, ప్లస్ ఇరవై, 4:28. ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు ఇదే హాఫ్‌కి 4:18 దాకా చూపిస్తాయి, కానీ అది వారానికి బాగా కిలోమీటర్లు పెట్టినవాళ్లకి కుదిరే లెక్క, ఫస్ట్ టైమర్లు దాన్ని నమ్ముకుంటే ముప్పై కిలోమీటర్లు దాటాక ఏడవాల్సిందే. హాఫ్ ఒక్కటి కూడా పరిగెత్తకపోతే టైమ్ టార్గెట్ జోలికి పోవద్దు, ముందు ఒక హాఫ్ చేసి రండి.

తర్వాత ఏ రేసు అనేది. సొంతూరు కదా అని నేను హైదరాబాద్ ఎంచుకున్నా, తప్పు రేసుది కాదు, నాది. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో అయిపోతుంది, మధ్యలో ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్, ఎక్కడం దిగడం, పైగా ఆగస్టు ఉక్క, తెల్లారుజామున కూడా పట్టిన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, ఒళ్లు చల్లబడకపోతే అదే పేస్‌కి (కిలోమీటరుకి పట్టే టైమ్‌ని పేస్ అంటారు) గుండె ఇంకాస్త గట్టిగా కొట్టుకుంటుంది. రేసు చాలా బాగుంటుంది, సపోర్ట్ బాగుంటుంది, కానీ టైమ్ కోసం పోయే చోటు కాదది, అక్కడే చేయాలంటే మీ లెక్కకి ఇంకో పదిహేను ఇరవై నిమిషాలు కలుపుకోండి. ఇంకో విషయం, ఆగస్టు రేసుకి ట్రైనింగ్ ఏప్రిల్ ఆఖర్లో మొదలుపెట్టాలి, అంటే మన ఎండాకాలం నడిబొడ్డున. ముంబై రేసు జనవరిలో కాబట్టి సెప్టెంబర్‌లో మొదలుపెడితే పెద్ద లాంగ్ రన్‌లన్నీ నవంబర్ డిసెంబర్ చలిలో పడతాయి, ప్రాణానికి హాయి. వైజాగ్‌లో బీచ్ రోడ్డు మీద జరిగే నేవీ మారథాన్ కూడా చలికాలంలోనే, కాకపోతే సముద్రం పక్కన తేమ ఎప్పుడూ ఉంటుంది.

ట్రైనింగ్‌కి 16 నుంచి 18 వారాలు కావాలి, అది కూడా అప్పటికే వారానికి 25, 30 కిలోమీటర్లు అలవాటున్నవాళ్లకి. నేను వారానికి నాలుగు రోజులే పరిగెత్తా: మంగళవారం ఈజీగా, గురువారం కొంచెం ఫాస్ట్‌గా, శుక్రవారం మళ్లీ ఈజీగా ఒక ఐదారు, ఆదివారం లాంగ్ రన్. అసలు కథంతా ఆదివారానిదే. 16 కిలోమీటర్లతో మొదలుపెట్టి 18, 20, తర్వాత ఒక వారం తగ్గించి 15, మళ్లీ 22, 24, తగ్గించి 18, ఇలా మూడు నాలుగు వారాలకోసారి ఒళ్లుకి ఊపిరి తీసుకునే టైమ్ ఇస్తూ 30, 32 దాకా వెళ్లాలి. 32 చాలు, ట్రైనింగ్‌లో 42 మొత్తం పరిగెత్తి చూద్దామని కొంతమంది అంటారు, దానివల్ల వచ్చే లాభం కన్నా కోలుకోడానికి పట్టే టైమ్ ఎక్కువ.

లాంగ్ రన్ స్లోగా పరిగెత్తాలి, ఇది ఎంత చెప్పినా ఎవరూ వినరు, నేనూ వినలేదు. 4:30 టార్గెట్ అయితే రేసు పేస్ కిలోమీటరుకి 6 నిమిషాల 24 సెకండ్లు, అంటే 6:24 దగ్గర ఉంటుంది, లాంగ్ రన్ 7:10, 7:20లో చేయాలి. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ పరిగెత్తగలగాలి, ఒక్కో ముక్కకి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నారంటే ఫాస్ట్‌గా పోతున్నట్టే. ఫస్ట్ టైమ్ నేను ప్రతి ఆదివారం యాప్‌లో పేస్ బాగా కనపడాలని 6:30లో లాగేసేవాణ్ణి, లైకులు బాగానే వచ్చేవి, పదమూడో వారానికి మోకాలి బయటివైపు నొప్పి కూడా వచ్చింది, మూడు వారాలు గోవిందా. రెండోసారి బుద్ధిగా స్లోగా చేసి, 28, 30 కిలోమీటర్ల రన్‌లలో మాత్రం ఆఖరి 8 కిలోమీటర్లు రేసు పేస్‌కి పెంచా. అలిసిన కాళ్లతో ఆ పేస్ ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

ఇంకా వారానికి రెండుసార్లు ఒక ఇరవై నిమిషాలు ఒంటికాలి మీద స్క్వాట్లు, మెట్టు అంచున నిలబడి మడమలు పైకీ కిందకీ. బోరింగే. చెయ్యండి.

షూస్ గురించి పెద్దగా చెప్పను. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అడుగున కార్బన్ పలక పెట్టిన ఖరీదైన రేసు షూస్ 4:30 వాళ్లకి అక్కర్లేదు, డబ్బులెక్కువైతే మీ ఇష్టం. రేసుకి మాత్రం కనీసం ఒక లాంగ్ రన్ చేసిన జతే వెయ్యండి.

తిండికి వస్తే, కండరాల్లో లివర్‌లో మనం దాచుకునే గ్లైకోజెన్ (కార్బ్స్ నిల్వ) సుమారు 30, 32 కిలోమీటర్లకి అడుగంటుతుంది, గోడ తగిలింది అని రన్నర్లు అనేది ఎక్కువగా దీన్నే. కాబట్టి పరిగెడుతూనే తినాలి, గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్. ఒక జెల్‌లో (రన్నర్లు వాడే చిన్న ప్యాకెట్‌లోని తియ్యటి పాకం లాంటిది) సుమారు 22, 25 గ్రాములుంటాయి కాబట్టి ప్రతి నలభై నిమిషాలకి ఒకటి, 4:30 వాళ్లకి ఆరు జెల్స్. ఆకలేసినప్పుడు కాదు, వాచీ చూసి తినాలి, ఎందుకంటే అవసరం తెలిసేసరికి లేటైపోతుంది. జెల్‌ని మామూలు నీళ్లతో తీసుకోండి, ఎలక్ట్రోలైట్ డ్రింక్‌తో (లవణాలు, చక్కెర కలిపిన నీళ్లు) కలిపితే కడుపులో మరీ తీపి ఎక్కువై తిప్పుతుంది. జెల్స్ పడనివాళ్లు ఖర్జూరం, ఉప్పు జల్లిన ఉడికించిన బంగాళాదుంప ముక్కలు, అరటిపండు వాడతారు, మా గ్రూప్‌లో ఒకాయన బెల్లం ముక్కలు జేబులో వేసుకొస్తాడు, సగం దూరానికి జేబు అంతా పాకం అయ్యుంటుంది. ఏదైనా సరే ట్రైనింగ్‌లో నాలుగైదుసార్లు తిని చూసిందే రేసులో తినాలి. నీళ్లు కూడా ప్రతి స్టాల్ దగ్గర పీకల్దాకా తాగకండి, చెమటలో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లే తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది డీహైడ్రేషన్ కన్నా డేంజర్. రెండు గుక్కలు నీళ్లు, మధ్యమధ్యలో ఎలక్ట్రోలైట్.

ఆఖరి మూడు వారాలు కిలోమీటర్లు తగ్గించేయాలి, 32 తర్వాత వారం 20, ఆపై వారం 12, రేసు వారం ఊరికే రెండుసార్లు అలా అలా. ఈ టైమ్‌లో లేని నొప్పులన్నీ ఉన్నట్టు అనిపిస్తాయి, పట్టించుకోకండి. చివరి రెండు రోజులు మనవాళ్లకి కార్బ్ లోడింగ్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, అన్నమే కదా. గోంగూర, పప్పు, పచ్చి సలాడ్లు, కారాలు తగ్గించి పెరుగన్నం, ఇడ్లీ, బంగాళాదుంప. బిబ్ (టీషర్టుకి పెట్టుకునే రేసు నంబర్) తీసుకోడానికి ఎక్స్‌పోకి వెళ్లి అక్కడ నాలుగు గంటలు స్టాల్స్ చుట్టూ తిరిగి, వచ్చేటప్పుడు ఫ్రెండ్స్‌తో బిర్యానీ తిన్న తెలివైనవాడు కూడా నేనే. తెల్లారి పోర్టబుల్ టాయిలెట్ క్యూలో చాలాసేపు దేవుణ్ణి తలుచుకున్నా.

రేసు రోజు స్టార్ట్‌కి రెండు, రెండున్నర గంటల ముందే తినేయాలి, నాకైతే మూడు ఇడ్లీ మీద కొంచెం తేనె, ఒక కాఫీ. మూడింటికి లేచి ఇడ్లీ పెట్టించినందుకు మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది. చంకల్లో, తొడల మధ్య, ఛాతీ మీద వాజలైన్ దట్టంగా రాయండి, మగవాళ్లు ఛాతీ సంగతి మర్చిపోతే తెల్ల టీషర్టు మీద రెండు ఎర్ర గీతలతో ఫోటోలు వస్తాయి. ముందు జాగ్రత్తగా పెయిన్ కిల్లర్ వేసుకోవద్దు, నీళ్లు తగ్గిన ఒంట్లో ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీల మీద పడతాయి.

ఇప్పుడు అసలు విషయం, లెక్క. 4:30 అంటే 6:24 పేస్ అని అందరూ చెప్తారు, కానీ 42.195ని 6:24తో కరెక్ట్‌గా గుణించి చూడండి, 4:30:03 వస్తుంది. మూడు సెకండ్లు! అంతకన్నా పెద్ద మోసం వాచీది. రేసులో మలుపుల దగ్గర, మనుషుల్ని తప్పించుకోవడంలో మనం కొలిచిన గీత కన్నా ఎక్కువే పరిగెడతాం, జీపీఎస్ కూడా కొంచెం అటూఇటూ, ఫినిష్‌కి వచ్చేసరికి వాచీలో 42.6, 42.7 ఉంటుంది. 42.7 కిలోమీటర్లు 4:30లో చేయాలంటే వాచీలో పేస్ 6:19 కనపడాలి. అందుకే వాచీని నమ్మకుండా రోడ్డు పక్క బోర్డులు చూసుకోవాలి. నేను ముంబైలో చేతి మీద పెన్నుతో రాసుకున్నా: 10కి 1:04, హాఫ్‌కి 2:15, 30కి 3:12, 35కి 3:44, 40కి 4:16. బోర్డు వచ్చినప్పుడల్లా చెయ్యి చూసుకోవడమే. ఇంకోటి, టైమ్ లెక్కపెట్టేది మనకిచ్చే టైమింగ్ చిప్, మీరు స్టార్ట్ గీత దగ్గర పరిచిన మ్యాట్ దాటినప్పటి నుంచి, కాబట్టి తుపాకీ పేలగానే జనాన్ని తోసుకుంటూ జిగ్‌జాగ్‌గా పరిగెత్తక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఏమైందంటే, చీకట్లో మ్యూజిక్, జనం, మూడు వారాల రెస్ట్ తీసుకున్న కాళ్లు, అసలు పరిగెడుతున్నట్టే లేదు. ఒక ఫ్లైఓవర్ దిగుతుంటే వాచీలో 5:40, భలే ఉంది అనుకున్నా. పది కిలోమీటర్లు 59 నిమిషాలకి, అంటే ప్లాన్ కన్నా ఐదు నిమిషాలు ముందు, ఆ ఐదు నిమిషాలు బ్యాంకులో వేసుకున్నా అనుకున్నా. హాఫ్ 2:10కి. బ్యాంకు లేదు ఏమీ లేదు, అది కాల్ మనీ అప్పు. 33 దగ్గర కుడి పిక్క పట్టేసి డివైడర్ మీద కూర్చుండిపోయా, వాలంటీర్ పిల్లాడు స్ప్రే కొట్టి "అంకుల్, ఇంకా తొమ్మిదే" అన్నాడు. ఆ తొమ్మిదికి గంటా ఇరవై పట్టింది, ఎక్కువ నడకే. రెండో సగం మొత్తం 2:58.

ముంబైలో మొదటి పది ఒట్టేసుకుని మరీ తగ్గించా. వాచీలో 6:25 దాటనివ్వలేదు, అంతకన్నా ఫాస్ట్‌గానూ పోలేదు, నాకంటే పెద్దవాళ్లు, పొట్టలున్నవాళ్లు కూడా దాటుకుని పోతుంటే అహం బాగా గుచ్చుకుంటుంది, గుచ్చుకోనివ్వండి. పది నుంచి మెల్లగా 6:15 దాకా వదిలా, మామూలు రోజుల్లో మనిషి కాలుపెట్టనివ్వని సీ లింక్ (సముద్రం మీది వంతెన) మీద గాలికి హాయిగా సాగిపోయా, హాఫ్ 2:13కి. అసలు పరీక్ష పెడ్డర్ రోడ్డు ఎక్కుడు, ముప్పై అయిదు దాటాక వస్తుంది, అప్పటికి ఎండ కూడా ఎక్కుతుంది. అక్కడ పేస్ చూడకండి, అడుగులు చిన్నవి చేసి అదే ఆయాసంతో ఎక్కండి, 7 దాటినా పర్లేదు, దిగుడులో కొంత వస్తుంది. పొట్టలున్నవాళ్లని అక్కడే దాటా, అబద్ధమెందుకు, సంతోషమేసింది.

పేసర్ల (ఫలానా టైమ్‌కి ఫినిష్ చేసేలా పేస్ పట్టి పరిగెత్తేవాళ్ల) వెనక పోవచ్చా అంటే పోవచ్చు, బెలూన్ పట్టుకున్న పేసర్ వెనక 4:30 గుంపు ఒకటి బస్‌లా పోతుంటుంది, కానీ నీళ్ల స్టాల్ దగ్గర ఆ గుంపులో తొక్కిసలాట, ఒక పది మీటర్లు వెనక ఉంటే మంచిది.

జేబులో మూడు టార్గెట్లు పెట్టుకోండి. అన్నీ కలిసొస్తే 4:30. కొంచెం తేడా కొడితే 4:45. రోజే బాలేకపోతే సొంత కాళ్ల మీద ఫినిష్ దాటడం. 25 దగ్గర ఉక్కగా ఉందనో కడుపు బాలేదనో తెలిస్తే అక్కడే రెండోదానికి దిగండి, 34 దాకా మొండిగా లాగితే మూడోది కూడా చేజారుతుంది. తల తిరగడం, చలిగా వణుకు, ఛాతీలో నొప్పి, వీటిలో ఏది వచ్చినా మాత్రం టార్గెట్లన్నీ తూచ్, మెడికల్ టెంట్‌కి వెళ్లిపోండి.

ఫినిష్ దాటగానే కూర్చోకండి, ఒక పది నిమిషాలు నడుస్తూనే ఉండండి, గంటలోపు ఏదైనా తినండి, రెండు వారాలు పరుగు వద్దు, బొటనవేలి గోరు నల్లబడి ఊడితే భయపడకండి, కొత్తది వస్తుంది. మర్నాడు మెట్లు దిగడానికి వెనక్కి తిరిగి దిగితే నొప్పి తక్కువ, చూసేవాళ్లు నవ్వుతారు. ఇంకా, వేరే ఊరి రేసైతే రిటర్న్ ట్రైన్ టికెట్ ఇప్పుడే లోయర్ బెర్త్ చూసి బుక్ చేసుకోండి. నాకు అప్పర్ పడింది. పైకి ఎలాగో ఎక్కా, రాత్రి టాయిలెట్‌కి దిగాల్సొచ్చినప్పుడు కింద బెర్త్ పెద్దాయన లేచి కూర్చుని నా పాదం పట్టుకుని మెట్టు మీద పెట్టాడు పాపం.