ఆరుబయట ఉమ్మడి ఇఫ్తార్: ముందు పళ్లెం వేరు, విందు వేరు

హైదరాబాద్ కాలనీ మైదానంలోనో, అపార్ట్‌మెంట్ మేడ మీదనో ఇంటికొక వంటకం తెచ్చుకొని ఇఫ్తార్ జరుపుకోదలచినవారు వంటకాలన్నిటినీ ఒకే బల్ల మీద పేర్చకుండా, ఖర్జూరాలు, మంచినీళ్లు, కోసిన పండ్లను మాత్రం చిన్న పళ్లాలలో సర్ది, అజాన్‌కు పావుగంట ముందే దస్తర్‌ఖాన్ (భోజనానికి నేల మీద పరిచే గుడ్డ) మీద నలుగురికొకటి చొప్పున ఉంచడం మంచిది. సూర్యుడు అస్తమించగానే ఉపవాసం విడవాలి గనుక ఆ వేళ ఎవరినీ వరుసలో నిలబెట్టకూడదు. వెంటనే మగ్రిబ్ (సూర్యాస్తమయ వేళ) నమాజు ఉంటుంది. అందుకు చాపలు, వజూకు (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడానికి) నీళ్లు, వెలుతురున్న చోటు పక్కనే ఏర్పాటు చేసి, హలీమ్, దహీ వడల వంటి వాటి మూతలు నమాజు ముగిశాకే తీయాలి. హలీమ్‌ను హాట్‌బాక్సులోను, పెరుగు వంటకాలను ఐసుపెట్టెలోను ఉంచాలి. ఆ పెట్టెల బయట 2 గంటలకు మించి ఉన్నవాటిని, ఎంత రుచిగా ఉన్నా, ఇంటికి తీసుకుపోవద్దు.

ఎవరేమి తేవాలో ముందుగా రాసుకోకపోతే అందరూ షర్బత్తే తెస్తారు. ముస్లిమేతర ఇరుగుపొరుగువారికి పండ్లు, శనగ గుగ్గిళ్లు, మజ్జిగ అప్పగిస్తే వారికీ ఇబ్బంది ఉండదు, తినేవారికీ సందేహం ఉండదు. మాంసం హలాల్ దుకాణానిదే కావాలి. దుకాణపు జెల్లీలలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉండవచ్చు కాబట్టి వాటిని మానుకోవడమే మేలు. శాకాహారుల గిన్నెలకు గరిటెలు వేరుగా పెట్టి, పేరు రాసిన చీటీలు అంటించాలి.