సెకండ్ లైఫ్‌లో హ్యామ్లెట్ ఆడుతుంటే వచ్చే చిక్కులు

2003లో మొదలైన సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ఊహాలోకంలో షేక్స్పియర్ నాటకాలను అవతార్లతో, అంటే మన తరఫున తెర మీద కదిలే బొమ్మలతో, ఆడిన బృందాలున్నాయి. హ్యామ్లెట్ మొదటి దృశ్యం, అంటే అర్ధరాత్రి కోట గోడ మీది కాపలా, వేసేటప్పుడు ఈ చిక్కులు వస్తాయి.

సమస్య: డైలాగుకీ చేతి కదలికకీ పొంతన ఉండదు.

కారణం: గొంతు ఒక సర్వర్ నుంచి, కదలిక ఇంకో సర్వర్ నుంచి వస్తాయి. రెండూ ఒకే ఆలస్యంతో రావు. ఎవరి నెట్‌ను బట్టి వాళ్లకి అది మారుతుంది కూడా. మీ స్క్రీన్ మీద చక్కగా కుదిరింది ప్రేక్షకుడి స్క్రీన్ మీద కుదరకపోవచ్చు.

పరిష్కారం: రెంటినీ ఒకే క్షణంలో కలపాలని పట్టుబట్టకండి. ముందు కదలిక, తర్వాత మాట. చనిపోయిన రాజు భూతాన్ని చూడగానే హ్యామ్లెట్ స్నేహితుడు హొరేషియో వెనక్కి తగ్గాలి, ఆ తర్వాతే గొంతెత్తాలి. ఈ దృశ్యానికి ఆ చిన్న విరామం నిజంగా మేలు చేస్తుంది, ఎందుకంటే భయం మాటకంటే ముందు ఒంట్లో తెలుస్తుంది. రిహార్సల్‌లో, నటించని ఒకరిని ప్రేక్షకుల సీట్లో కూర్చోబెట్టి, వాళ్లకి ఏం కనిపించిందో అడగండి. దర్శకుడి సొంత స్క్రీన్‌ను మాత్రం నమ్మొద్దు.

సమస్య: కాపలా సైనికుడు ఉన్నట్టుండి ఒళ్లు విరుచుకుంటాడు, లేదా గాల్లో టైప్ చేస్తాడు.

మొదటిది ఏఓ (యానిమేషన్ ఓవర్‌రైడర్, అంటే అవతార్ మామూలు కదలికల బదులు మనకు నచ్చినవి ఆడించే పరికరం) పని. నటుడు రోజూ వాడే నిలబడే యానిమేషన్లు అందులో ఆన్‌లోనే ఉండిపోయాయి. రంగం మీదికి వచ్చే ముందు దాన్ని ఆపేయాలి. రెండోది చాట్ సెట్టింగుల్లోని టైపింగ్ యానిమేషన్, అక్కడ టిక్ తీసేస్తే చాలు.

సమస్య: భూతం మేఘంలా కనిపిస్తుంది.

ఈ దృశ్యంలో ఇది ప్రమాదం, ప్రేక్షకులు అదే వేషం అనుకుంటారు. నిజానికి అవతార్ ఇంకా లోడ్ కాలేదు. తన వంతు రాగానే వేరే చోటి నుంచి టెలిపోర్ట్ అయి, అంటే ఒక్కసారిగా దూకి, వచ్చే నటుడికి ఇలా అవుతుంది. అతను ముందే వచ్చి గోడ వెనక నిలబడాలి. అప్పటికీ తేలకపోతే కంట్రోల్, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కి రీబేక్ చేయాలి, అంటే అవతార్ రూపాన్ని మళ్లీ లోడ్ చేయించాలి.

సమస్య: కొందరికి మిట్టమధ్యాహ్నం కనిపిస్తోంది.

స్థలానికి మీరు అర్ధరాత్రి పెట్టినా, ప్రేక్షకుడు సొంత వెలుగు ఎంచుకోవచ్చు. నాటకం మొదలయ్యే ముందే అందరినీ ఉమ్మడి వాతావరణానికి (మెనూలో షేర్డ్ ఎన్విరాన్‌మెంట్) మారమని అడగండి.

సమస్య: వెనక వరుసకి మాటలు అందవు.

మామూలు చాట్ 20 మీటర్ల వరకే, అరుపు 100 మీటర్ల వరకు వెళ్తుంది. వాయిస్ కూడా దూరం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. సీట్లను వేదికకి 20 మీటర్లలోపే వేయండి.

జనం పెరిగాక అన్నీ నత్తనడకన సాగితే, స్క్రిప్టులున్న (అంటే లోపల చిన్న ప్రోగ్రాములు నడిచే) నగలు, ఆయుధాలు తీసేసి రమ్మని ప్రేక్షకులకు ఆహ్వానంలోనే రాయండి.