ఆలుగడ్డ ఆకు గరగరమంటే గడ్డతో సహా పీకేయండి

ఆలుగడ్డ నాటి నెల దాటగానే ఒకసారి సాళ్ల మధ్య నిదానంగా నడవండి. అడుగు ఆకులు దొప్పల్లా పైకి చుట్టుకుని, నొక్కితే ఎండు కాగితంలా గరగరమంటుంటే అది ఆకుచుట్టు వైరస్. లేత, ముదురు పచ్చ మచ్చలతో ఆకు ముడతలు పడితే అది మొజాయిక్ అనే వైరస్ తెగులు. ఈ మచ్చలు ఎండలో సరిగ్గా కనపడవు, మీ నీడ మొక్క మీద పడేలా నిలబడి చూడండి.

వైరస్ పట్టిన మొక్కకు మందు లేదు. ఈ వైరస్‌లను మొక్క నుంచి మొక్కకు మోసేది పేనుబంక పురుగు. దానికి మందు కొడితే ఆకుచుట్టు కొంత ఆగుతుంది. మొజాయిక్ తెచ్చే ‘వై’ (Y) అనే వైరస్‌కు మాత్రం పురుగు ఒక్కసారి నోరు పెడితే చాలు, మందుకు అది చచ్చేలోపే అంటించేస్తుంది.

అందుకే కనపడ్డ మొక్కను గడ్డలతో సహా తవ్వి, అక్కడే సంచిలో వేసి మూతి కట్టి బయటికి తీసుకుపోండి. నేను మొదట్లో గట్టు మీద పడేసేవాణ్ణి. మొక్క వాడగానే పేనుబంక మళ్లీ చేలోకే వచ్చేది!

జహీరాబాద్ వైపు చాలామంది ఉత్తరాది నుంచి విత్తనం తెప్పించుకుంటారు. ఖర్చుకు భయపడి సొంత పంటలో గోలీ గడ్డలు ఏరి విత్తనానికి దాచుకునేవాళ్లూ ఉన్నారు. వైరస్ మొక్కకే ఎక్కువగా చిన్న గడ్డలు ఊరతాయి, కాబట్టి ఏరి ఏరి రోగాన్నే దాచుకున్నట్టు. దాచుకోవాలనుకుంటే పచ్చగా ఉన్నప్పుడే మంచి మొక్కలకు కర్ర గుచ్చి గుర్తు పెట్టుకోండి, వాటివే విడిగా తవ్వండి.