ఒంటి నుంచి కథ మొదలుపెట్టడం ఎలా

స్త్రీ దేహాన్నీ, కోరికనూ, అస్తిత్వాన్నీ గురించి ప్రయోగాత్మకమైన కథ రాయాలనుకునేవారు చాలామంది ఒక అభిప్రాయంతో మొదలుపెడతారు. అందువల్ల ఆ కథ మూడో పేరాకే వ్యాసంగా మారిపోతుంది. అభిప్రాయం కన్నా ముందు ఒక శరీరాన్నీ, ఆ శరీరం మీద ఒక పూట గడిచిన తీరునూ ఎంచుకోండి.

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల మిరపకాయల తొడిమలు తీసే స్త్రీని తీసుకుందాం. సాయంత్రానికి ఆమె వేళ్ళు మండుతాయి. ఆ మంటకు కారణమైన కాప్సైసిన్ నూనెలో కరుగుతుందే గాని నీటిలో అంతగా కరగదు కాబట్టి, ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా అది అన్నం కంచం దగ్గరికీ, చివరికి పక్క మీదికీ ఆమె వెంటే వస్తుంది. కథకు ఆకారం ఇక్కడే దొరుకుతుంది. పొద్దున యార్డు, సాయంత్రం ఇల్లు అనే వరుసలో రాస్తే ఈ మంట ఒక వివరంగానే మిగిలిపోతుంది. అలా కాకుండా రాత్రితో మొదలుపెట్టి, ఆమె తన కంటినో, చంటిబిడ్డనో, పక్కనున్న మనిషినో ముట్టుకోబోయి ఆగిపోయిన ప్రతిచోటా వాక్యాన్ని తెంచి, ఆ తెగినచోట పగటి పనిలోని ఒక తునకను పెట్టండి. ముట్టుకోవాలన్న కోరిక ఎంత బలమైనదో ఆగిపోయిన ఆ చేయే చెబుతుంది. శరీరం అడగకుండా కాలక్రమాన్ని ఊరికే చెదరగొట్టడాన్ని నేను ప్రయోగమని అనుకోను.

తరువాత మన వ్యాకరణాన్ని పరిశీలించండి. తెలుగులో పురుషుడు ‘వచ్చాడు’. స్త్రీ ‘వచ్చింది’, బస్తా కూడా ‘వచ్చింది’. కర్తను తీసేసి ‘తూకానికి వచ్చింది, పక్కకు జరిగింది, ఎండలో ఉండిపోయింది’ అని రాస్తే అది మనిషో, మిర్చి బస్తాయో పాఠకులకు వెంటనే తెలియదు. ఒక పేజీ మొత్తాన్ని ఆ సందిగ్ధంలో నడిపి, ‘నేను’ అనే మాటతో దాన్ని ఛేదించవచ్చు. ‘నేను వచ్చాను’ అన్నప్పుడు క్రియ ఆడా మగా చెప్పదు కనుక, తన లింగ గుర్తింపును ఎవరికీ అప్పజెప్పడానికి ఇష్టపడని పాత్రకు కూడా ఉత్తమ పురుష ఎంతో అనువుగా ఉంటుంది. ఈ సదుపాయం మన భాషలోనే ఉండగా పరాయి పద్ధతుల కోసం వెతకనవసరం లేదు.

ఇళ్ళలో శరీరం గురించి చాటుగా పలికే మాటలను అక్షరాలా నమ్మి చూడడం మరొక పద్ధతి. ‘బయట చేరింది’ అంటే ఆ బయట ఎంత వెడల్పు, అక్కడ ఎండ ఎంతసేపు ఉంటుంది, అక్కడ కూర్చున్న పిల్లకు లోపలి గొంతులు ఎలా వినిపిస్తాయి అని అడిగితే ఒక ప్రదేశం పుడుతుంది. ‘నెల తప్పింది’ అంటే, తప్పిపోయిన ఆ నెలను వెతుక్కుంటూ బయలుదేరిన స్త్రీ పుడుతుంది.

కోరికను రాసేటప్పుడు కలం తడబడితే, అది మన సంప్రదాయం కాదన్న మాటకు లొంగకండి. తంజావూరు ఆస్థానంలో 18వ శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ అనే కావ్యంలో రాధ కోరికను నిస్సంకోచంగా చెప్పింది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాని పూర్తి పాఠాన్ని అచ్చు వేయించగా, ఆ పుస్తకం నిషేధానికి గురైంది. గుంటూరులో 1950లో పుట్టిన రచయిత్రి ఓల్గా ‘రాజకీయ కథలు’లో జడ, కళ్ళు, ముక్కుపుడక వంటివాటి చుట్టూనే కథలు అల్లారు. విజయవాడ ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణాల్లో ఇటువంటి పుస్తకాలు వెతికి, ఒక అవయవం కథ మొత్తాన్ని ఎలా మోస్తుందో గమనిస్తూ చదవండి.

చిత్తుప్రతి పూర్తయ్యాక, ఎవరి పనిని గురించి రాశారో ఆ పని చేసే ఒక స్త్రీకి, ఆమె ఒప్పుకుంటే, బిగ్గరగా చదివి వినిపించండి. ఆమె గుర్తుపట్టలేని నొప్పి కథలో ఎక్కడ ఉందో అడిగి, అది మీకెంత ఇష్టమైన వాక్యమైనా కొట్టివేయండి. ఆమె జీవితంలోంచి తీసుకున్న వివరాన్ని మాత్రం ఇరుగుపొరుగు ఆనవాలు పట్టలేని విధంగా మార్చిన తరువాతనే అచ్చుకు పంపండి.